కేక్ పాప్ సెట్టు కొనొచ్చా? గోదావరి ఉక్కపోతలో ఏది నిలుస్తుంది, ఏది నిలవదు

రాజమండ్రి, కాకినాడ, భీమవరం, అమలాపురం... ఎక్కడ బేకరీ సామాన్ల షాపుకి వెళ్లినా ఇప్పుడు ఒకే తరహా అట్టపెట్టె కనిపిస్తోంది, కేక్ పాప్ సెట్టు. కేక్ పాప్ అంటే పుల్లకి గుచ్చి, చాక్లెట్ పూత వేసిన చిన్న కేకు ఉండ. లోపల 20 గుంటల సిలికాన్ అచ్చు, యాభై వంద కాగితపు పుల్లలు, క్రీమ్ పువ్వులు వేసే నాలుగైదు నాజిల్స్, ఆ క్రీమ్ నింపే పది పైపింగ్ కవర్లు, రెండు మూడు రంగుల చక్కెర పూసలు. ధర షాపును బట్టి 500 నుంచి 900 రూపాయల మధ్య ఉంటుంది. పెట్టె మీద పేరు మారుతుంది గానీ సరుకు దాదాపు ఒకటే. అందుకని ఏ కంపెనీ పెట్టె కొన్నా పనికొచ్చేలా ఈ సమీక్ష రాస్తున్నాం.

తీర్పు ముందే చెప్పేస్తాం. అచ్చు ఫర్వాలేదు. పుల్లలు బావుంటాయి. నాజిల్స్, పూసలు అంతంతమాత్రం. కేక్ పాప్ బాగా వచ్చిందా లేదా అన్నది తేల్చే అసలు వస్తువు, అంటే పైన వేసే చాక్లెట్ పూత, ఆ పెట్టెలో ఉండదు. డబ్బూ శ్రద్ధా పెట్టాల్సింది అక్కడే. ముఖ్యంగా మన దగ్గర. కాలవలూ, చేలూ, చెరువులూ, పక్కనే సముద్రం. మే నెలలో ఎండ, జూలై నుంచి చెమ్మ. పొడి గాలి ఉన్న ఊళ్లవాళ్లు చెప్పే కొలతలు ఇక్కడ యథాతథంగా పనిచేయవు.

అచ్చు సంగతి చూద్దాం. షాపువాళ్లు పెట్టె తెరవనిస్తే అచ్చు అంచును రెండు వేళ్లతో పట్టుకుని మెలిపెట్టి చూడండి. మెలిక దగ్గర తెల్లటి చార వస్తే సిలికాన్‌లో ఇంకేదో కలిపారని అనుమానించాలి. ఘాటుగా రబ్బరు వాసన కొట్టేదీ వద్దు, వేడెక్కితే ఆ వాసన కేకుకి పడుతుంది. ఇంటికి తెచ్చాక సబ్బునీళ్లతో కడిగి, తుడిచి, ఖాళీ అచ్చును ఒకసారి 180 డిగ్రీల దగ్గర అరగంట ఓవెన్‌లో ఉంచి చల్లార్చి వాడితే నయం.

ఈ అచ్చుకి రెండు సగాలు. చిల్లులున్నది పైకి, లేనిది కిందకి. సిలికాన్ మెత్తన కాబట్టి పిండి పోయకముందే దాన్ని ట్రే మీద పెట్టేయాలి. పోశాక ఎత్తితే గుంటలన్నీ ఒరిగి పిండి పక్కకి పొర్లుతుంది. ఒక్కో గుంటలో 15 నుంచి 18 గ్రాముల పిండి పడాలి. కంటికి చెప్పాలంటే, గుంట నిండి మధ్యలో కాస్త బుడిపెలా పైకి ఉండాలి. తక్కువైతే బంతి నెత్తి చదునుగా వస్తుంది. ఎక్కువైతే పొంగిన పిండి పై సగాన్ని లేపేసి, బంతి నడుం చుట్టూ రెక్కలాంటి అంచు కడుతుంది. ఆ అంచును కత్తెరతో కత్తిరించొచ్చు గానీ కత్తిరించిన చోట పొడి రాలి చాక్లెట్‌లో పడుతుంది, పూత గరుకుగా వస్తుంది. నాలుగు మూలలా రంగు పూయని స్టీలు క్లిప్పులు పెడితే ఈ బెడద చాలావరకు తగ్గుతుంది. క్లిప్పులు సెట్టులో ఇవ్వకపోవడం పెద్ద లోటే.

పిండి కాస్త గట్టి రకం కావాలి. మైదా 150 గ్రాములు, పంచదార పొడి 150, వెన్న 150, గుడ్లు మూడు, బేకింగ్ పౌడర్ ఒక టీస్పూను, పాలు రెండు టేబుల్ స్పూన్లు. ఇది దాదాపు రెండు వాయిలకు సరిపోతుంది. ఓవెన్ ముందే వేడిచేసి, పైనా కిందా రాడ్లు వేసి, 170 డిగ్రీల దగ్గర 16 నుంచి 18 నిమిషాలు. ఉడికిందో లేదో పైచిల్లులోంచి పుల్ల గుచ్చి చూడొచ్చు. బయటికి తీశాక పది నిమిషాలైనా ఆగాకే పై సగం తీయాలి. వేడి మీద తీస్తే బంతి నడుమకి రెండు చెక్కలవుతుంది.

కార్తీక మాసంలోనూ, గుడ్డు ముట్టని ఇళ్లలోనూ పెరుగు, సోడా వేసి చేసే స్పాంజి ఎక్కువ. అది ఈ అచ్చుకి నప్పదు. మరీ మెత్తగా ఉండి గుంటలకి అతుక్కుంటుంది, పుల్ల గుచ్చితే నిలవదు. దాన్ని మామూలు టిన్నులో కాల్చి, పొడి చేసి, చేత్తో ఉండలు కట్టుకోవడమే మేలు.

ఓవెన్ లేనివాళ్లు ఈ అచ్చు కోసం ఓవెన్ కొనక్కర్లేదు. ఇంట్లో గుంట పొంగనాల పెనం ఉంటే చాలు. గుంటకి నూనె రాసి, ముప్పాతిక వంతు పిండి పోసి, మూతపెట్టి, సన్నటి సెగ మీద మూడు నిమిషాలు. తర్వాత పుల్లతో తిరగేసి ఇంకో రెండు మూడు నిమిషాలు. అచ్చులో వచ్చినంత నున్నగా రాదు, కింద కాస్త ఎర్రబడుతుంది. పూత వేశాక ఆ తేడా తెలియదు. కరెంటుతో నడిచే కేక్ పాప్ మేకర్ కూడా ఇంతే పని చేస్తుంది, కొంచెం త్వరగా. దానికోసం విడిగా డబ్బు పెట్టడం మాకైతే దండగే అనిపిస్తుంది.

ఇక అచ్చులో కాల్చిన బంతి మంచిదా, చేత్తో కట్టిన ఉండ మంచిదా? రుచికీ, నిలవకీ, పుల్ల పట్టుకీ చేత్తో కట్టినదే మంచిది. అచ్చు బంతి తేలిగ్గా, స్పాంజిలా ఉంటుంది. పూత బరువు మోస్తూ పుల్ల మీద అది కిందకి జారుతుంటుంది. పిల్లల పుట్టినరోజుకి ఇరవై ముప్పై చేసి వెంటనే పంచేస్తే సరిపోతుంది. ఓణీల ఫంక్షన్‌కి రెండొందలు చేసి సాయంత్రం దాకా నిలబెట్టాలంటే చేతి ఉండలే దిక్కు.

చేతి ఉండలకి కొలత ఇది. పూర్తిగా చల్లారిన కేకు, వీలైతే ముందురోజుది, అర కిలో. ఎర్రబడ్డ పైపొర, అడుగుపొర తీసేయాలి. అవి గట్టిపడి ఉండలో పలుకుల్లా తగులుతాయి. మిగిలినదాన్ని వేళ్లతో నలిపి, పెద్ద కన్నాల జల్లెడలో రాసి, ఒకే తీరు పొడి చేయాలి. అర కిలో పొడికి 100 గ్రాముల గనాష్ (50 గ్రాముల డార్క్ కాంపౌండ్ చాక్లెట్, 50 గ్రాముల క్రీమ్ కలిపి కరిగించినది) గానీ, 80 గ్రాముల కండెన్స్‌డ్ మిల్క్ గానీ చాలు. ముందు మూడింట రెండొంతులే వేసి కలపండి. పిడికిట్లో నొక్కితే సున్నుండలా నిలవాలి, వేలితో విరిస్తే పొడిగా విడాలి. అక్కడ ఆపేయాలి. ఇంటర్నెట్లో చాలామంది ఒక కప్పు ఫ్రాస్టింగ్ (కేకు మీద పూసే క్రీమ్) అంటారు. అంత వేస్తే మన వేడికి ముద్ద జిడ్డోడి, పుల్ల మీంచి ఉండ కిందికి దిగిపోతుంది.

ఉండ 25 గ్రాములు. కంటి అంచనాతో కట్టొద్దు, తూకం వేయండి. పెద్ద ఉండ, చిన్న ఉండ పక్కపక్కన ఉంటే ఎంత అందంగా పూత వేసినా పనితనం తేలిపోతుంది. 25 గ్రాముల ఉండ మూడున్నర సెంటీమీటర్ల అడ్డుకొలత వస్తుంది, అర కిలో పొడికి 24 ఉండలవుతాయి. కట్టినవి ఫ్రిజ్‌లో 20 నుంచి 25 నిమిషాలు. డీప్ ఫ్రీజర్‌లో పెట్టొద్దు. గడ్డకట్టిన ఉండని వేడి చాక్లెట్‌లో ముంచితే పూత క్షణంలో బిగుసుకుంటుంది, లోపలి ఉండ వేడెక్కి ఉబ్బుతుంది. ఇరుక్కున్న పూత నిలువునా పగులుతుంది. పగిలిన కేక్ పాప్‌లలో ఎక్కువ వాటికి కారణం ఇదే.

పూత గురించి కాస్త వివరంగా చెప్పాలి. మన ప్రాంతంలో కేక్ పాప్‌లు పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే.

షాపులో దొరికే చాక్లెట్ దిమ్మలు రెండు రకాలు. కాంపౌండ్, కూవర్చర్. కూవర్చర్‌లో ఉండేది కోకో వెన్న. కాంపౌండ్‌లో దాని బదులు పామ్ కెర్నెల్ లాంటి వనస్పతి కొవ్వు ఉంటుంది. రుచిలో కూవర్చర్‌దే పైచేయి, అందులో సందేహం లేదు. పైగా పశ్చిమ గోదావరి, ఏలూరు, కోనసీమ తోటల్లో కొబ్బరి చెట్ల కింద, ఆయిల్ పామ్ మధ్య కోకో పండుతోంది కదా, మంచి చాక్లెట్టే వాడాలని ఎవరికైనా ఉంటుంది. కానీ కూవర్చర్‌కి టెంపరింగ్ చేయాలి. డార్క్ అయితే 45 నుంచి 50 డిగ్రీల దాకా కరిగించి, 27, 28కి దించి, మళ్లీ 31, 32కి తేవాలి. ఇదంతా చేయడానికి గది 20, 22 డిగ్రీల దగ్గర ఉండాలి. ఏసీ లేని వంటింట్లో మే నెలలో గదే 36 ఉంటే చాక్లెట్‌ని 28కి దించేదెలా? దించినా, కోకో వెన్న 34 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది కాబట్టి షామియానా కింద పూత చేతికి అంటుకుంటుంది. అందుకే వేడుకలకి చేసేటప్పుడు మంచి రకం కాంపౌండ్ వాడటమే తెలివి. రుచి లోటును లోపలి ఉండలో భర్తీ చేయండి. గనాష్ కూవర్చర్‌తో చేసుకుంటే దానికి టెంపరింగ్ అక్కర్లేదు.

రుచి కోసం రెండూ సగం సగం కలిపి కరిగించే అలవాటు కొందరికి ఉంది. ఆ పని అసలు చేయొద్దు. పామ్ కెర్నెల్ కొవ్వుకీ కోకో వెన్నకీ పొసగదు. కలిపితే ఏ ఒక్కదానికన్నా తక్కువ వేడికే మెత్తబడుతుంది, రెండు మూడు రోజుల్లో పైన బూడిదరంగు మచ్చలు తేలతాయి.

24 కేక్ పాప్‌లకి ఖర్చయ్యే కాంపౌండ్ 280 గ్రాముల దాకా. కరిగించాల్సింది మాత్రం 400 గ్రాములు, ఎందుకంటే ఉండ పూర్తిగా మునగడానికి లోతు కావాలి. వెడల్పు గిన్నె పనికిరాదు. పొడుగాటి స్టీలు గ్లాసు తీసుకోండి. మిగిలిన చాక్లెట్‌ని బటర్ పేపర్ మీద పోసి ఆరబెట్టి దాచుకోవచ్చు.

కరిగించడం మైక్రోవేవ్‌లో అయితే సగం పవర్ మీద 30 సెకన్ల చొప్పున, ప్రతిసారీ కలుపుతూ. పొయ్యి మీద అయితే నీళ్లు పొగలు వచ్చేదాకా కాచి, పొయ్యి ఆపేసి, అప్పుడు గిన్నె పెట్టండి. నీళ్లు మరుగుతుండగా పెడితే ఆవిరి గిన్నె అంచున నీటి బొట్టై చాక్లెట్‌లో పడుతుంది. ఒక్క బొట్టు చాలు, చాక్లెట్ మొత్తం ఇసుకలా గడ్డకట్టేస్తుంది. తడి గరిటె, తడి గిన్నె, కడిగి సరిగా ఆరని గ్లాసు, ఇవన్నీ అదే పని చేస్తాయి. వానాకాలంలో గిన్నెని గుడ్డతో తుడిచి వదిలేయకుండా ఒక నిమిషం సెగ మీద చూపించి, చల్లారాక వాడండి. గడ్డకట్టిన చాక్లెట్‌ని ముంచడానికి మళ్లీ తేలేం. దాంట్లో వేడి క్రీమో, పాలో పోసి గనాష్‌గా మార్చి, ఉండలకి కలుపుకోవచ్చు, పారేయొద్దు.

ముంచేటప్పుడు చాక్లెట్ 40 నుంచి 42 డిగ్రీల మధ్య ఉండాలి. అంతకన్నా వేడైతే ఉండ కరిగి పుల్ల వదులవుతుంది. చల్లారితే పూత మందమై గడ్డలు కడుతుంది. నాలుగైదు వందల్లో దొరికే వంటింటి థర్మామీటర్ ఈ సెట్టులోని నాజిల్స్ అన్నిటికంటే విలువైనది. పెట్టెలో నాజిల్స్ తీసేసి అది పెడితే బావుండేది.

చిక్కగా ఉందని నూనె కలుపుతారు. కోనసీమ ఇళ్లలో చేతికందేది కొబ్బరినూనె. అది కలుస్తుంది కూడా, ఇబ్బందేం లేదు. కాకపోతే కొబ్బరినూనె 24, 25 డిగ్రీలకే కరుగుతుంది. ఎక్కువ పోస్తే వేసవిలో పూత ఆరినట్టే ఉండి వేలికి అంటుతుంది. చలికాలంలో 100 గ్రాములకి ఒక టీస్పూను, వేసవిలో 200 గ్రాములకి ఒక టీస్పూను. అది దాటొద్దు.

ముంచే తీరు ఇది. పుల్ల చివర ఒకటిన్నర సెంటీమీటరు మేర చాక్లెట్‌లో ముంచి, ఉండలోకి సగం దాకా గుచ్చండి. సగం దాటితే ఉండ చీలుతుంది, తక్కువైతే ఊడుతుంది. ఐదు నిమిషాలు ఆరనివ్వండి. తర్వాత ఉండని తలకిందులుగా, తిన్నగా ఒకేసారి పూర్తిగా ముంచి, తిన్నగానే పైకి తీయండి. గ్లాసులో తిప్పితే ఉండ పుల్లనుంచి విడిపోతుంది. పైకి తీశాక వంపుగా పట్టుకుని, ఆ చేతి మణికట్టు మీద రెండో చేత్తో మెల్లగా తడుతూ, పుల్లని వేళ్ల మధ్య తిప్పుతూ ఉంటే అదనపు చాక్లెట్ కారిపోతుంది. పుల్ల దగ్గర చుట్టూ పూత మూసుకుందో లేదో తప్పకుండా చూడండి. అక్కడ సూదిమొన అంత సందు మిగిలినా మర్నాటికి లోపలి జిడ్డు ఆ సందులోంచి చుక్కలుగా కారుతుంది.

రంగు పూత కావాలంటే తెల్ల కాంపౌండ్‌లో నూనెలో కరిగే రంగులే వాడాలి. క్రీమ్‌కి వాడే జెల్ రంగుల్లో నీరుంటుంది, వేసిన మరుక్షణం చాక్లెట్ గడ్డకడుతుంది. సెట్టు కొన్నవాళ్లు షాపుకి తిరిగొచ్చి చెప్పే ఫిర్యాదుల్లో ఇదొకటి, తప్పు చాక్లెట్‌ది అనుకుంటారు. మెరుపు పొడులు కొనేటప్పుడు ఇంకాస్త జాగ్రత్త. విషం కాదని రాసి ఉన్నంత మాత్రాన తినదగినదని అర్థం కాదు. పెట్టె మీద పదార్థాల జాబితా, కేంద్ర ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ గుర్తు పక్కన 14 అంకెల నంబరు ఉంటేనే తీసుకోండి.

ఇప్పుడు చెమ్మ. ఆగస్టులో గది 30 డిగ్రీలు, గాలిలో తేమ 80 శాతం అనుకుందాం, మన దగ్గర అది మామూలే. ఆ గాలిలో 26 డిగ్రీలకన్నా చల్లగా ఉన్న ఏ వస్తువు మీదైనా నీరు పడుతుంది. ఫ్రిజ్‌లోంచి 5 డిగ్రీల కేక్ పాప్ తీసి బల్లమీద పెడితే ఏమవుతుంది? రెండు నిమిషాల్లో పైన నీటి బిందువులు, ఐదు నిమిషాల్లో పూసల రంగు కారడం. ఆ నీరు ఆరాక పైన తెల్లటి గరుకు పొర మిగులుతుంది, పూతలోని చక్కెర కరిగి మళ్లీ పేరుకుందన్నమాట. తడి వేలితో రాస్తే అది కరుగుతుంది. రాసినా పోకుండా జిడ్డుగా తగిలితే అది కొవ్వు తేలిన మచ్చ, దానికి కారణం వేడి.

కాబట్టి పూత ఆరిన కేక్ పాప్‌లని వీలైనంతవరకు ఫ్రిజ్‌లో పెట్టొద్దు. గనాష్, కండెన్స్‌డ్ మిల్క్‌తో కట్టినవి చల్లని గదిలో ఒక రోజు నిలుస్తాయి. క్రీమ్ చీజ్‌తో కట్టినవి, లేదా ముందుగా చేసినవి ఫ్రిజ్‌లో పెట్టక తప్పదు. అప్పుడు గాలి చొరని డబ్బాలో పెట్టి, బయటికి తీశాక మూత తీయకుండా ముప్పావు గంట నుంచి గంట ఆగండి. డబ్బా బయట చెమర్చనివ్వండి, తుడిచేయొచ్చు. లోపలివి గది వేడికి వచ్చాకే మూత తీయండి. పిల్లలు ఆగరు, చుట్టాలు ఆగరు, కానీ ఆ గంట ఆగితేనే పూత నిగనిగలాడుతుంది.

పుల్లల విషయంలో సెట్టుని మెచ్చుకోవాలి. గట్టిగా చుట్టిన తెల్ల కాగితపు పుల్లలు, 15 సెంటీమీటర్లవి ఉంటే మంచివి. పాత స్టాకు ప్లాస్టిక్ పుల్లలు ఎవరైనా చౌకగా ఇస్తామన్నా తీసుకోవద్దు. మిఠాయిలకి వాడే ప్లాస్టిక్ పుల్లలు 2022 జూలై 1 నుంచి దేశమంతా నిషేధం. అలంకరణకి వాడే థర్మోకోల్ కూడా ఆ జాబితాలోదే. ఇంతకాలం కేక్ పాప్‌లు గుచ్చి నిలబెట్టింది ఆ థర్మోకోల్ దిమ్మలకే కదా, దాని బదులేమిటన్నది ప్రశ్న. మన దగ్గర ఎవరికైనా వెంటనే తట్టేది అరటి బోదె. చూడటానికి పెళ్లి పందిరికి తగినట్టే ఉంటుంది గానీ, అది నీళ్లోడుతుంది. కాగితపు పుల్ల గంటలో నాని మెత్తబడి ఉండతో సహా వాలిపోతుంది. బోదె మీదే పెట్టాలనుకుంటే వెదురు పుల్లలు వాడండి. ఆరబెట్టుకోవడానికైతే లోతైన గిన్నెలో బియ్యం నింపి గుచ్చండి, కదలదు, తడి తగలదు. పూత వేసిన వెంటనే గుచ్చేటప్పుడు ఒకదానికొకటి నాలుగు వేళ్ల దూరం ఉంచండి.

సెట్టులో ఇచ్చే చక్కెర పూసలు నాణ్యత తక్కువ. చెమ్మ గాలికి ఇట్టే రంగు వదులుతాయి. వాడితే చాక్లెట్ పూత మీదే వాడండి, తెల్ల క్రీమ్ మీద చల్లితే గంటలో ఎరుపు చారలు దిగుతాయి. చల్లే అదను కూడా ఉంది. పూత కారడం ఆగాక 15, 20 సెకన్లలోపు చల్లాలి. ముందు చల్లితే పూసలు పూతతోపాటు కిందకి జారతాయి, ఆలస్యమైతే అంటుకోవు. చల్లని ఉండ మీద కాంపౌండ్ రెండు నిమిషాల్లో బిగుస్తుంది కాబట్టి ఒకరు ముంచుతుంటే ఇంకొకరు చల్లడం మంచి పద్ధతి. నాజిల్స్ చిన్నవి, పల్చటి రేకువి. అతుకు దగ్గర విడిపోయి క్రీమ్ పువ్వు అంచు చిరుగుతుంది. కేకు మీద పూలు వేయాలనుకునేవాళ్లు అతుకు లేని పెద్ద స్టార్ నాజిల్ ఒకటి విడిగా కొనుక్కుంటే చాలు.

కేకు మాట వచ్చింది కాబట్టి. చాలా వేడుకల్లో మధ్యలో కిలో కేకు, చుట్టూ కేక్ పాప్‌లు పెడతారు. కేకు పైభాగం సమం చేసేటప్పుడు వచ్చే ముక్కలే ఉండలకి పొడి అవుతాయి, వృథా ఉండదు. ఏడంగుళాల కిలో కేకుకి 300 నుంచి 350 గ్రాముల నాన్ డెయిరీ విప్పింగ్ క్రీమ్ సరిపోతుంది. 25 శాతం కొవ్వున్న ప్యాకెట్ ఫ్రెష్ క్రీమ్ ఎంత గిలక్కొట్టినా నిలవదు. నాన్ డెయిరీ క్రీమ్ గడ్డని ముందురోజే ఫ్రీజర్‌లోంచి ఫ్రిజ్‌లోకి మార్చి, 7 నుంచి 10 డిగ్రీల దగ్గర కొట్టాలి. వేసవిలో గిన్నె కింద ఐస్ పెట్టండి. బీటర్ ఎత్తితే ముక్కు కొంచెం వంగేలా ఉన్నప్పుడే ఆపేయాలి. ఇంకా కొడితే గాలి బుడగలతో రవ్వలా అయిపోతుంది. అలా అయితే రెండు చెంచాల కొట్టని క్రీమ్ పోసి చేత్తో మెల్లగా కలపండి, చాలావరకు కుదురుకుంటుంది.

ఫాండెంట్ (చక్కెర ముద్ద) బొమ్మలకి ఈ వాతావరణం బద్ధశత్రువు. చక్కెర చెమ్మని పీల్చి మెరుస్తూ, జిగురై, వంగిపోతాయి. చేయాల్సి వస్తే 250 గ్రాముల ఫాండెంట్‌కి ఒక టీస్పూను సీఎంసీ పౌడర్ (ముద్దని గట్టిపరిచే పొడి) కలిపి, రెండు రోజుల ముందే చేసి, ఫ్యాను కింద ఆరబెట్టి, గాలి చొరని డబ్బాలో ఫ్రిజ్ బయట దాచండి. కేకు కోసే ముందు పెట్టండి. క్రీమ్ కేకు మీద నేరుగా ఫాండెంట్ పరచడం మాత్రం వద్దు, కింద గనాష్ పొర ఉండాలి.

దాని బదులు మన ఊరి సరుకు ఒకటి చెబుతాం. ఆత్రేయపురంలో పూతరేకులు చుట్టకముందు ఉండే ఉత్తి రేకు అడిగి తెచ్చుకోండి. పల్చగా కలిపిన బియ్యప్పిండితో వేడి కుండ మీద తీసిన ఆ పొర, చింపి మడిస్తే గులాబీ రెక్కలా నిలుస్తుంది. చాక్లెట్ పూత మీద చిన్న చుక్క కరిగిన కాంపౌండ్‌తో అతికించాలి. తెల్లగా, ఎదురువెలుగులో అవతలి రంగు కనిపించేంత పల్చగా ఉంటుంది, ఏ విదేశీ వేఫర్ పేపరూ దీనికి సాటిరాదని మా నమ్మకం. క్రీమ్ తగిలితే మాత్రం నిమిషాల్లో కరిగిపోతుంది, కాబట్టి క్రీమ్ కేకుకి వడ్డించే ముందే పెట్టాలి.

కడియం నర్సరీల పూలు కేకు మీద పెట్టడం కూడా ఇప్పుడు బాగా పెరిగింది. అలంకరణకి పెంచిన గులాబీకి పురుగుమందు కొడతారు, కడిగితే పోయేది కాదు. కాడకి ఫుడ్ గ్రేడ్ టేపు చుట్టి, పువ్వు క్రీమ్‌కి తగలకుండా బటర్ పేపర్ ముక్క మీద పెట్టండి. గన్నేరు, ఉమ్మెత్త లాంటివి కేకు దగ్గరికే రానివ్వొద్దు. అవి విషం, పిల్లలు నోట్లో పెట్టుకుంటారు.

రెండొందల మందికి లెక్క కావాలంటే, ఉండల ముద్ద 5 కిలోలు, కాంపౌండ్ రెండున్నర నుంచి 3 కిలోలు, పుల్లలు 220. ఒకరోజు కేకులు కాల్చి, మర్నాడు ఉండలు కట్టి, మూడోరోజు తెల్లవారుజామున పూత వేసుకుంటే వేసవిలో కూడా ఇబ్బంది ఉండదు. పూత పనికి ఇద్దరు కావాలి. కొట్టేదీ కాల్చేదీ కరెంటు మీదే కాబట్టి కోతల వేళలు తెలుసుకుని పెట్టుకోండి. ఓవెన్ లాగే కరెంటుకి ఇంట్లో ఇన్వర్టర్ సరిపోదు.

లంక గ్రామాలకి, పంటు (నది దాటించే పెద్ద పడవ) మీద దాటి, గతుకుల రోడ్డు మీద తీసుకెళ్లాలంటే కేక్ పాప్‌ల డబ్బా అడుగున బియ్యం పోసి గుచ్చడమే క్షేమం. క్రీమ్ కేకుకి భీమవరం వైపు రొయ్యలకి వాడే తరహా థర్మోకోల్ పెట్టె చక్కగా పనికొస్తుంది, ప్యాకింగ్ పెట్టెకి ఆ నిషేధం వర్తించదు. కొత్త పెట్టే కొనండి, వాడినది ఎంత కడిగినా వాసన వదలదు. మూత బిగించిన సీసాల్లో నీళ్లు గడ్డకట్టించి నాలుగు మూలలా నిలబెట్టండి, విడి ఐసు ముక్కలు వేయొద్దు.

సెట్టు ఎవరు కొనొచ్చంటే, ఇంట్లో ఓవెన్ ఉండి, పిల్లల కోసం అప్పుడప్పుడు చేసుకునేవాళ్లు కొనొచ్చు. పెట్టిన డబ్బుకి అచ్చు, పుల్లలు గిట్టుబాటే. ఆర్డర్లు తీసుకునేవాళ్లు మాత్రం సెట్టు మానేసి, విడిగా పుల్లల కట్ట, గ్రాములు చూపే చిన్న తూకం, థర్మామీటర్, మంచి రకం కాంపౌండ్ కొనుక్కోవాలి. కాంపౌండ్ దిమ్మ కొనేముందు షాపులో అది ఎక్కడ పెట్టారో చూడండి. ఎండ తగిలే అరలో ఉన్నదీ, పైన బూడిదరంగు తేలినదీ తీసుకోవద్దు.